లాభం, రెండు, మూడు

టొలీడోలో మంగళవారం, పొద్దున ఏడున్నర.
కమ్యూనిటీ కాలేజీ ల్యాబులో బల్ల మీద బోర్లా పడుకున్నాను.
నలభై మూడేళ్ల నా వీపు మీద
ఇరవై ఏళ్ల మరిసోల్
రెక్క ఎముక అంచు వేళ్లతో వెతికి
ఊదారంగు పెన్నుతో గీత గీస్తోంది.
"నొప్పిగా ఉందా?"
నొప్పి కాదమ్మా, చలి.
చలి కూడా కాదు, సిగ్గు.

మొదటి వారం నిక్కరు వేసుకు రమ్మన్నారు.
కారులోనే పావుగంట కూచున్నాను
మోకాళ్ల మీద చున్నీ కప్పుకుని.
లోపలికి వెళితే అన్నీ మోకాళ్లే.
ఒకదానికి కుట్లు, ఒకదానికి పచ్చబొట్టు,
సైన్యం నుంచి వచ్చినతని మోకాలు
వంచినప్పుడల్లా టక్కుమంటుంది.
నాదాన్ని ఎవరూ చూడలేదు.
చూసినా, కొలవడానికే చూశారు:
ఎంత వంగుతోంది, ఎన్ని డిగ్రీలు.

దీనికి ముందు తొమ్మిదేళ్లు
గిడ్డంగిలో పెట్టెలకు చీటీలు అంటించాను.
ఎంత గట్టిగా ఎత్తినా, దబ్బున దించినా
పెట్టె "అబ్బా" అనదు.

రాత్రి అంట్లు తోముతూ చదువు.
సింకు పైన అంటించిన కాగితాలు
ఆవిరికి వంకర్లు తిరిగాయి.
గ్యాస్ట్రోక్నీమియస్.
పిక్క అంటే పోయేదానికి!
మా అబ్బాయి గడియారం పట్టుకుని ప్రశ్నలడుగుతాడు,
తప్పు చెబితే నాకంటే వాడే ఎక్కువ నొచ్చుకుంటాడు.
గుడిలో ఒకావిడ అడిగింది, "డాక్టరవుతున్నావటగా?"
కాదండీ, అసిస్టెంటు.
"ఓ" అంది. ఆ ఒక్క అక్షరం
బెల్లం లేని పరమాన్నంలా ఉంది.

ఫిబ్రవరిలో నర్సింగ్ హోముకు పంపారు.
స్టెఫాన్ విట్కోస్కీ, ఎనభై ఒకటి,
ముప్ఫై ఏళ్లు గాజు ఫ్యాక్టరీలో పనిచేశాడు,
ఇప్పుడు తుంటి విరిగింది.
నడుముకు పట్టీ బిగించాను, రెండు వేళ్లు దూరేంత సందుతో.
పాదాలు వెనక్కి. ముందుకు వంగండి.
ముక్కు కాలివేళ్ల మీదికి రావాలి.
"మీ దేశంలో ముసలివాళ్లను ఇట్లాగే హింసిస్తారా?"

లేదు, అన్నాను.
అంతకంటే చెప్పలేదు.

మా నాన్నమ్మ బియ్యం అమ్మేది.
కళ్లాపి ఆరకముందే కొట్టు తెరిచి
మానిక పట్టుకుని కొలిచేది.
ఒకసారి జారి పడింది.
ఆ తరవాత మేం ఆమెను మంచం దిగనివ్వలేదు.
నీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే,
కాలు కింద పెడితే అందరం అరిచేవాళ్లం.
ఎంత ప్రేమో.
రెండేళ్లకు ఆ కాళ్లు కట్టెపుల్లలయ్యాయి.
కండరం వాడకపోతే ఎన్ని వారాల్లో కరుగుతుందో
ఆరో పాఠంలో పట్టికుంది.
ఆ పేజీ దగ్గర
పుస్తకం మూసి బస్సు కిటికీలోంచి మంచు చూశాను.

అతన్ని లేపాను. నిలబడ్డాడు.
వాకరు గడగడ వణికింది, అతను వణికాడు,
పట్టీ పట్టుకున్న నా పిడికిలి కూడా వణికింది.
అడుగు పడింది.
నోరు జారి లెక్క మొదలుపెట్టాను:
"లాభం..."

"అదేమిటి?"
"ఒకటి. కొలిచేటప్పుడు మేం ఒకటి అనం, లాభం అంటాం."
"లాభం ఎవరికి?"
రెండు, అన్నాను.
మూడు.
నాలుగో అడుగుకి అతని పెదవులు తెల్లబడ్డాయి.
కుర్చీ లాగాను.

ఎంత దూరం నడిపించాలో రాసేది నేను కాదు.
పథకం థెరపిస్టుది, ఆమె సంతకం.
నేను కాగితం మీద రాసింది ఇంతే:
నాలుగు అడుగులు. ఒకరి సాయంతో.
ఎడమకు ఒరుగుతున్నాడు.
"ఒకరు" అంటే నేనని రాయాల్సిన పనిలేదు.

ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే
భుజం వెనక ఊదాగీత ఇంకా పోలేదు.
చెయ్యి అందదు. వదిలేశాను.
గురువారం భుజం మీద పరీక్ష.
రెక్కాడితేగానీ డొక్కాడదని రాస్తే మార్కులు వేయరు కదా!

మర్నాడు వెళ్లేసరికి
విట్కోస్కీ మంచం అంచుకి జరిగి కూచున్నాడు,
ఒక బూటు వేసుకుని, రెండోది ఒళ్లో పెట్టుకుని.
పట్టీ బిగించాను.
నేను నోరు తెరవకముందే
"లాబం" అన్నాడు, ఒత్తు లేకుండా.

దిద్దలేదు.
మా వీధిలోనూ సగంమంది అట్లాగే అనేవాళ్లు.